ఎండాకాలం స్కౌటు క్యాంపు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి నెలాఖరులో పిల్లల చేతికి క్యాంపు కాగితం ఇస్తాం. ఆ మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇరవై ఏళ్లకు పైగా స్కౌటు మాస్టరుగా ఉన్నాను, అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. ఒకే జవాబు ఒక్క సాయంత్రంలో ఆరుసార్లు చెప్పడం కంటే రాసి పెట్టేయడం నయమనిపించింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరిన పది నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని, మన ఆంధ్ర, తెలంగాణ ఎండల్లో నాలుగైదు రోజుల క్యాంపుకు పంపబోయే ఇళ్ల కోసం ఇది.

నిప్పులు చెరిగే ఎండల్లోనే క్యాంపు ఎందుకు సార్? దసరా సెలవుల్లో పెట్టొచ్చుగా?

పెట్టొచ్చు, ఒకట్రెండు సార్లు పెట్టాం కూడా. దసరాకు వానలు పూర్తిగా వదలవు, ఇళ్లల్లో పండగ, సగం మంది అమ్మమ్మ ఊళ్లో ఉంటారు. మనకు వరుసగా దొరికే సెలవులు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ 12 దాకానే. తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ లాంటి స్కౌటు పరీక్షల మెట్లకు పిల్లలు సిద్ధం కావాలంటే ముడులు, వంట, గుడారం వేయడం, ప్రథమ చికిత్స తీరిగ్గా చేతులతో చేసి నేర్చుకునే రోజులు కొన్ని కావాలి.

స్కౌటు ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో బ్రౌన్సీ దీవిలో 20 మంది పిల్లలతో మొదటి క్యాంపు పెట్టాడు. అది ఇంగ్లండు ఎండాకాలం. అక్కడి దినచర్యను మన మే నెలకు దింపితే పిల్లలు పడిపోతారు. అందుకని మేం రోజును రెండు ముక్కలు చేస్తాం. తెల్లవారి ఐదింటికి లేపుతాం. వ్యాయామం, జెండా, నడక, గుడారాల పని అన్నీ పదింటికల్లా అయిపోవాలి. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నర దాకా చెట్టు కిందో, కప్పు కిందో ఉండాల్సిందే. ముడులు, మ్యాపు చదవడం, కట్టు కట్టడం, పాటలు, ఒక గంట నిద్ర. ఆ నిద్ర విషయంలో నేను మొండివాణ్ణి. పెద్ద పిల్లలు కూడా పడుకోవాల్సిందే, లేకపోతే రాత్రి క్యాంప్ ఫైర్ దగ్గర తూగుతారు.

ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం మాకిష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు, మే 25 తర్వాత నేను క్యాంపు పెట్టను. వీలైతే కొండమీదికి వెళ్తాం. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అరకు, హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్ల పిల్లలకు ప్రాణం లేచొస్తుంది. భారత్ స్కౌట్స్ జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లో పచ్మఢీ కొండలమీద ఉంది. అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లని అడగండి, మే నెలలో దుప్పటి కప్పుకున్న సంగతి చెప్తారు.

వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇస్తే ఏం చేస్తారు?

మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలులుగా లెక్కేస్తుంది. 45 దాటితే ఇక తేడా చూడక్కర్లేదు. మేం ఆ హెచ్చరిక వస్తే క్యాంపు వాయిదా వేస్తాం, మధ్యలో వస్తే పిల్లల్ని ఇంటికి పంపేస్తాం. కట్టిన డబ్బుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఒక మాట. కాకినాడలో 36 డిగ్రీలు చూసి, రామగుండంలో 42 కంటే హాయి అనుకోకండి. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతలో పరుగెత్తే పిల్లవాడు లోపల్లోపల ఉడుకుతుంటాడు.

మా వాడికి ఎనిమిదేళ్లు. అన్నతో పాటు పంపొచ్చా?

ఐదు నుంచి పదేళ్ల వాళ్లు కబ్‌లు, వాళ్ల కార్యక్రమాలు వేరు. పదేళ్లు నిండాకే స్కౌటు. ఎనిమిదేళ్ల వాణ్ణి ఒక రోజు పగటి కార్యక్రమానికి పంపండి, రాత్రికి తీసుకెళ్లిపోండి. పదకొండేళ్లు వచ్చినా అమ్మ పక్కన తప్ప పడుకోని పిల్లలుంటారు. అలాంటి వాళ్లని క్యాంపుకు ముందు రెండు రాత్రులు పిన్ని ఇంట్లోనో, తాతయ్య దగ్గరో ఒంటరిగా పడుకోబెట్టి చూడండి. బాగా కుదిరితే అప్పుడు పంపండి.

ఎన్ని రోజుల ముందు నుంచి తయారు చేయాలి?

రెండు వారాల ముందు నుంచి. అసలు క్యాంపు బాగా జరిగేదీ చెడేదీ ఈ రెండు వారాల్లోనే తేలిపోతుంది.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడ్డ ఒంటికి చెమట త్వరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది, ఆ చెమటలో ఉప్పు మాత్రం తక్కువగా పోతుంది. పరీక్షలన్నాళ్లూ కూలరు ముందు కూర్చుని చదివి, సెలవులిచ్చాక ఏసీ గదిలో ఫోను పట్టుకుని, సరాసరి క్యాంపు మైదానంలో దిగిన పిల్లవాడికి ఇదేమీ జరిగి ఉండదు. మొదటి రెండు రోజుల్లో కళ్లు తిరిగి పడేది ఎక్కువగా వీళ్లే. పొలం గట్ల మీద తిరిగే పిల్లలు పడటం చాలా అరుదు.

సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాల నడకతో మొదలుపెట్టండి. రోజూ కొంచెం పెంచుతూ గంట దాకా తీసుకెళ్లండి. రెండో వారంలో క్యాంపుకు వేసుకునే బూట్లతోనే, భుజాన సంచితో నడిపించండి. కూలరు, ఏసీ వాడకం తగ్గించండి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎండలో నిలబెట్టకండి, అలవాటు పేరుతో ఆ పని చేసిన తండ్రిని ఒకాయన్ని చూశాను.

ఇంకో తయారీ ఉంది. వాడి పనులు వాడే చేసుకోవాలి. ప్లేటు కడుక్కోవడం, లోదుస్తులు ఉతుక్కోవడం, సీసా తనే నింపుకోవడం. ఏడో తరగతికి వచ్చినా బూటు లేసు అమ్మ కడుతుంటే, వాడికి నేను బోలైన్ ముడి ఎలా నేర్పను?

రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి?

లీటర్ల లెక్క పిల్లలకు గుర్తుండదు. ఆట, నడక ఉన్నప్పుడు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ప్రతి ఇరవై నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్లు, అంటే ఓ అర గ్లాసు నుంచి గ్లాసు. పెద్ద పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ. మేం విజిల్ వేస్తాం, అందరూ ఆగి తాగాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

ఒంట్లో నీళ్లు సరిపోయాయో లేదో మూత్రం రంగు చెప్తుంది. లేత నిమ్మరసంలా ఉంటే బాగున్నట్టు, ఆవనూనె రంగులో ఉంటే తక్కువైనట్టు. పిల్లలకు ఇది సిగ్గుపడకుండా ముందే ఇంట్లో చెప్పండి.

నీళ్ల గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది. ఓ ఏడాది ఒక హాస్టల్ ఆవరణలో క్యాంపు పెట్టాం. మూడో రోజు పొద్దున్నే, ఎండ ఇంకా ముదరకముందే, జెండా దగ్గర ఏడో తరగతి పిల్లవాడు తూలి పడిపోయాడు. సీసా చూస్తే నిండుగా ఉంది. నీళ్లెందుకు తాగలేదురా అంటే మాట్లాడడు. పక్కవాడు చెప్పాడు: "సార్, వాడు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని తాగట్లేదు." అక్కడి మరుగుదొడ్లు అంత ఘోరంగా ఉన్నాయి. మేం పెద్దవాళ్లం ఎలాగో సర్దుకున్నాం. పిల్లలు మాత్రం నోరు కట్టేసుకున్నారు. వాడొక్కడే కాదు, అడిగితే ఇంకో నలుగురు తేలారు. ఆ రోజు నుంచి క్యాంపు చోటు చూడటానికి వెళ్తే మొదట మరుగుదొడ్లే చూస్తాను, తర్వాతే మైదానం. బాగాలేకపోతే పిల్లలతోనే గోతులు తవ్వించి, చుట్టూ తడికలు కట్టిస్తాం. స్కౌటు పాఠాల్లో అదీ ఒక పాఠమే, పైగా వాళ్లు కట్టుకున్నదాన్ని వాళ్లే శుభ్రంగా ఉంచుకుంటారు.

మీరూ క్యాంపు నిర్వాహకుల్ని తిండి ఏం పెడతారని కాకుండా, ముందు ఈ సంగతి అడగండి.

ఓఆర్ఎస్ రోజూ ఇవ్వాలా? గ్లూకోజ్ డబ్బా పంపమంటారా?

రోజూ అక్కర్లేదు. అన్నంతోపాటు ఉప్పేసిన మజ్జిగ, పొద్దున రాగి జావ లేదా గంజి ఉంటే మామూలు రోజుకు సరిపోతుంది. మా అమ్మ రోజుల్లో తరవాణి కుండ ప్రతి ఇంట్లో ఉండేది, పొలానికి వెళ్లేవాళ్లు అది తాగే వెళ్లేవాళ్లు. విరేచనాలైనా, చెమటలు కారి నీరసించినా అప్పుడు ఓఆర్ఎస్.

ప్యాకెట్ మొత్తం, దానిమీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే లీటరు) ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడుగా గ్లాసులో వేసి తాగించడం చూస్తుంటాను, అది తప్పు, ఉప్పు పాళ్లు చెడతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి. ఓఆర్ఎస్ అని అట్టమీద వేసుకుని తియ్యటి పానీయాలు అమ్మేవాళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లే కొనండి. గ్లూకోజ్ డబ్బా, ఎనర్జీ డ్రింకులు వద్దు. గ్లూకోజ్ పొడి సంగతి మీకు తెలియనిదేముంది, వాళ్లు దాన్ని అరచేతిలో పోసుకుని నాకేస్తారు, చీమలు మాత్రం పడక దాకా వస్తాయి.

సంచిలో ఏమేం సర్దాలి?

సర్దాల్సింది మీరు కాదు, వాడు. మీరు పక్కన కూర్చుని చూడండి. ఎవరి సంచి వాళ్లు సర్దుకోని క్యాంపులో, మొదటి రాత్రి టార్చిలైటు కోసం నా ఫోన్ నుంచి ఇళ్లకు పది ఫోన్లు వెళ్తాయి: "అమ్మా, ఎక్కడ పెట్టావు?"

బట్టలన్నీ నూలువి, వదులువి, లేత రంగువి. యూనిఫామ్ జెండాకు, పెరేడ్‌కు మాత్రమే. పొడుగు చేతుల నూలు చొక్కా ఒకటైనా ఉండాలి, ఎండకూ దోమలకూ అదే పనికొస్తుంది. లోదుస్తులు రోజుకు రెండు జతల చొప్పున పెట్టండి. చెమటతో తడిసిన లాగుతో నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి, రెండో రోజుకు పిల్లవాడు కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటాడు, ఎందుకో చెప్పడు. కొబ్బరినూనె చిన్న సీసా అందుకు. చెమటకాయలకు పౌడర్ కంటే రెండు పూటలా స్నానం మంచిది.

అంచున్న టోపీ కావాలి, ముందుకు మాత్రమే అంచున్నది మెడను కాపాడదు. పాత తువ్వాలు ఒకటి, తడిపి మెడకు చుట్టుకోవడానికి. బూట్లు కొత్తవి వద్దు. క్యాంపు కోసమే కొన్న తెల్లటి బూట్లతో వచ్చినవాడికి ఎప్పుడూ బొబ్బలే. కనీసం రెండు వారాలు తొడిగి అరగదీయండి.

లీటరు నీళ్ల సీసాలు రెండు, ప్లేటు, గ్లాసు, టార్చిలైటు, దోమతెర, చాప, పలుచటి దుప్పటి, సబ్బు, పళ్లపొడి, సూదీ దారం, ఐదు మీటర్ల తాడు, నోట్‌బుక్. ఒంటికి దోమల మందు. సన్‌స్క్రీన్ మీ ఇష్టం, నేనైతే టోపీని నమ్ముతాను.

వద్దన్నవి: బంగారం, ఖరీదైన గడియారం, చాకు (పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది), రెండు వందలకు మించి డబ్బు, ఇత్తడి చెంబు. చివరిదాన్ని ఎవరు తెస్తారని నవ్వకండి, మా దగ్గర ఒకటి ఇంకా ఉంది, ఎవరిదో తెలియదు.

తినడానికి ఏం పంపాలి?

మొదటి పూటకు పులిహోర. చింతపండు పులుపుకు మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి ఆ వేడికి రెండు మూడు గంటల్లో పాడవుతాయి. గుడ్లు, మాంసం కూరలు అసలు వద్దు. వేయించిన పల్లీలు, మరమరాలు, అటుకులు పంపండి. జంతికల డబ్బా తెచ్చుకుంటే పెట్రోల్ మొత్తానికి పంచాలి. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు, బంకులో పోసేది కాదు. ఈ సందేహం నాకు నిజంగానే వచ్చింది ఓ నానమ్మగారి దగ్గర నుంచి.

అక్కడ వండేది మామూలు భోజనమే. నూనె తక్కువ, పచ్చిపులుసు, మజ్జిగ పులుసు, దోసకాయ పప్పు ఎక్కువ. దొరికితే ముంజలు, పుచ్చకాయ. కోసిపెట్టిన పండ్లు రోడ్డు మీద కొననివ్వం. తాగే నీళ్లు కాచి చల్లార్చుతాం, కాచడం కుదరకపోతే ప్యాకెట్ మీద చెప్పిన కొలత ప్రకారం క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగుతాం.

వడదెబ్బ తగిలిందని పిల్లలకెలా తెలుస్తుంది?

ముందు సొమ్మసిల్లడం వేరు, వడదెబ్బ వేరు అని తెలియాలి.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, చెమటలు ధారగా కారడం, ముఖం పాలిపోవడం. ఇవి మొదటి మెట్టు. నీడకు చేర్చి, స్కార్ఫు, బూట్లు తీసేసి, కాళ్లు కొంచెం ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి. తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. తెలివిగా ఉంటే ఓఆర్ఎస్ గుటకగుటకగా. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికే.

మాట తడబడినా, పేరు అడిగితే తికమకపడినా, తూలినా, ఉన్నట్టుండి కోపంగా ప్రవర్తించినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరుతుంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. పరుగెత్తి పడిపోయిన పిల్లల్లో ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఊరుకోకుండా చల్లబరచాలి. బట్టలు వదులు చేసి, బిందెలతో నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం బిళ్ల ఈ వేడిని తగ్గించదు.

ఇదంతా మేం నేర్పుతాం. కానీ నాకు భయం వీటిలో దేని గురించీ కాదు. చెప్పకుండా ఓర్చుకునే పిల్లవాడి గురించి. మన ఇళ్లల్లో పిల్లాడు తలనొప్పి అంటే "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అంటాం. మగపిల్లాడివి, ఓర్చుకో అంటాం. వాడు క్యాంపుకు అదే నేర్చుకుని వస్తాడు. దానికితోడు మేం కూడా ఒక తప్పు చేసేవాళ్లం. పెట్రోళ్ల మధ్య పోటీలో, డ్రిల్లుకు ఎవరైనా రాకపోతే ఆ జట్టుకు మార్కులు తగ్గించేవాళ్లం. జట్టుకు మార్కులు పోతాయని జ్వరంతోనే నిలబడ్డ అమ్మాయిని చూశాక ఆ లెక్క తీసేశాం. ఇప్పుడు తిరగేసి పెట్టాం: పక్కవాడికి బాగాలేదని ముందుగా పసిగట్టి చెప్పిన జట్టుకే మార్కు. ఇద్దరిద్దరిని జతగా పెడతాం, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

మీరు ఇంట్లో చేయాల్సింది ఒకటే. "బాగాలేకపోతే సారుకు చెప్పు, ఎవరూ తిట్టరు" అని బయల్దేరే ముందు మీ నోటితో, నా ఎదురుగా చెప్పండి. మరీ ముఖ్యంగా నాన్నలు చెప్పాలి.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు, నిజమేనా?

పంపండి, కూరలో వేస్తాం.

పాములు, తేళ్లు ఉండవా?

ఉంటాయి. ఎండాకాలం చల్లదనం కోసం అవీ నీడకే వస్తాయి. రాళ్ల గుట్టలు, కట్టెల మోపుల దగ్గర చెయ్యి పెట్టకుండా కర్రతో కదిపి చూడటం, బూట్లు తొడిగే ముందు దులపడం, చీకట్లో టార్చి లేకుండా కాలు బయట పెట్టకపోవడం మొదటి రోజే నేర్పుతాం.

నాగుపాము, రక్తపింజరి సంగతి అందరికీ తెలుసు. క్యాంపులో నేను ఎక్కువ జాగ్రత్తపడేది కట్లపాముకు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పొద్దున్నే కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి. దోమతెర అంచుల్ని చాప కిందికి గట్టిగా దోపి పడుకోవడం దోమల కోసమే అనుకోకండి. కాటు వేస్తే పైన తాడు బిగించడం, కోయడం, పీల్చడం, మంత్రం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద కట్టి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి. పాము మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో క్యాంపు మొదలయ్యే ముందే వెళ్లి కనుక్కుని వస్తాం.

తేలు కుట్టి ఒళ్లంతా చెమటలు పట్టినా, వాంతులైనా అదీ ఆసుపత్రికే. ఎర్రతేలుతో చిన్నపిల్లలకు గుండెకే ముప్పు.

గాలివాన వస్తే?

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు పట్టి, దుమ్ము లేచి, మామిడికాయలన్నీ రాల్చేసే వాన మనకు తెలిసిందే. పిడుగులు పడేదీ అప్పుడే. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ నా ఫోన్లో ఉంటుంది. ఉరుము వినిపిస్తే మైదానం ఖాళీ, గుడారంలోకి కాదు, పక్కా భవనంలోకి. గుడారం పిడుగును ఆపలేదు. చెట్టు కిందికి అసలే వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రానివ్వం. అందుకే పక్కా కప్పు పక్కన లేని చోట క్యాంపు పెట్టం, ఎంత అందంగా ఉన్నా సరే.

ఈత కొట్టిస్తారా?

లేదు. కాలువ, చెరువు, క్వారీ గుంట, ఏదైనా సరే. సెలవుల్లో పిల్లల్ని ఎండకంటే ఎక్కువగా మింగేది నీళ్లే. ఈత వచ్చినవాళ్లకు కూడా అనుమతి లేదు.

మా అమ్మాయికి ఆ రోజుల్లో నెలసరి వచ్చేలా ఉంది. మాన్పించమంటారా?

మాన్పించకండి. గైడ్‌లకు, అంటే ఆడపిల్లలకు, గైడ్ కెప్టెన్ ఉంటారు, ఆడవాళ్లే. ఈ మాట వాళ్లకు చెప్పాలి, నాకు కాదు. కావాల్సినవాటికి రెట్టింపు, పాత కాగితాలు, ముదురు రంగు చుడీదార్ ఒకటి పెట్టండి. తేదీ దగ్గర లేకపోయినా పెట్టండి, కొత్త చోటు, నిద్ర తేడా వల్ల ముందుకో వెనక్కో జరుగుతుంటుంది. మొదటిసారి క్యాంపులోనే అయిన పిల్లలూ ఉన్నారు, వాళ్లని మా కెప్టెన్‌లు బాగా చూసుకున్నారు.

వాడు అప్పుడప్పుడూ పక్క తడుపుతాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చెప్పండి, నా దగ్గరే ఉంటుంది. రాత్రి పదకొండింటికి, తెల్లారి మూడింటికి పెద్దవాళ్లు గస్తీ తిరుగుతూ కొందరు పిల్లల్ని లేపుతారు. నలుగురైదుగురిని లేపుతాం కాబట్టి ఎవరి కోసమో ఎవరికీ తెలియదు. సాయంత్రం నుంచి నీళ్లు మాన్పించి మాత్రం పంపకండి, ఎండాకాలంలో అది ఇంకో ప్రమాదం.

ఉబ్బసం ఉంది, ఫిట్స్ మందులు వాడుతున్నాడు. పంపొచ్చా?

డాక్టరు సరేనంటే తప్పకుండా. మందు చీటీ నకలు, రోజులకు సరిపడా మందు, రెండు రోజులది ఎక్కువగా, పేరు రాసి మా చేతికివ్వండి. ఉబ్బసం పంపు మాత్రం వాడి జేబులోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే చల్లగా ఉంచే ఏర్పాటు గురించి వారం ముందే మాట్లాడుకోవాలి. కొన్ని జలుబు, అలర్జీ మందులు చెమటను తగ్గిస్తాయి, వాడుతుంటే ఆ సంగతి కాగితంలో రాయండి.

క్యాంపుకు ముందు వారంలో జ్వరమో విరేచనాలో వచ్చిన పిల్లవాణ్ణి దయచేసి పంపకండి. "తగ్గిపోయింది సార్, ఏడుస్తున్నాడు" అంటారు. వచ్చే ఏడాది ఉంది.

రోజూ ఫోన్లో మాట్లాడొచ్చా?

ఫోన్లు తేకూడదు. రాత్రి తొమ్మిదికి వాట్సాప్ గ్రూపులో నేను ఫోటోలు పెడతాను. వాడి ఫోటో కనపడలేదని పదింటికి ఫోన్ చేయకండి, వంట దగ్గర ఉండి ఉంటాడు. రెండో రాత్రి ఇంటి బెంగ బలంగా ఉంటుంది, అమ్మ గొంతు వింటే ఇంకా పెరుగుతుంది. అలాంటివాడికి నీళ్ల బిందెల లెక్క అప్పగిస్తాం. పని పడితే మూడో రోజుకు సర్దుకుంటారు. సర్దుకోకపోతే నేనే మీకు ఫోన్ చేస్తాను, దాచను.

మా అన్నయ్య పిల్లలు అమెరికాలో స్కౌట్లు. అక్కడా ఇవేనా?

ఎండ సూత్రాలు అవే, టెక్సాస్ ఎండ మన ఎండకు తక్కువేం కాదు. అక్కడి సంస్థ పేరు 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా. 72 గంటలు దాటే క్యాంపుకు డాక్టరు పరీక్ష చేసి సంతకం పెట్టిన ఆరోగ్య పత్రం ఉండాలి, ఇది వేసవి రద్దీకి ముందే చేయించుకోవాలి. ఏ కార్యక్రమంలోనైనా కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలన్న నియమం కచ్చితం. మనకంటే అక్కడ ఎక్కువగా పట్టించుకునే బెడద ఒకటుంది, గడ్డిలో తిరిగాక ఒళ్లంతా పిడుదుల కోసం వెతుక్కోవడం. పప్పన్నం దొరకదని వాళ్ల అమ్మలు నాకు ఇక్కడికి ఫోన్ చేస్తే నేను చేయగలిగిందేమీ లేదు.

చూడటానికి మేం రావచ్చా?

మధ్యలో వద్దు. చివరి రాత్రి క్యాంప్ ఫైర్‌కు రండి, ఆరున్నరకల్లా. పాటలు, చిన్న నాటకాలు ఉంటాయి, మీవాడు ఏ వేషం వేశాడో ముందే అడిగి పాడు చేయకండి. వచ్చేటప్పుడు స్వీటు డబ్బాలు తేవద్దు, పుచ్చకాయలు తెండి. ఎన్ని కావాలో ముందురోజు ఫోన్ చేసి అడగండి, పోయినసారి ముప్పై ఎనిమిది వచ్చాయి.